క్రోమైట్ బరువుకి మునిగి మడుగు కట్టిందా? ఒక ఫార్వర్డ్‌కి జవాబు

మస్కట్‌లో ఉండే మా చిన్నాన్న కొడుకు పోయిన నెలలో ఒక ఫార్వర్డ్ పంపాడు. కింద తన మాట ఒక్కటే: "అన్నయ్యా, ఇది నిజమేనా? ఇక్కడొకాయన క్రోమ్ గనిలో వాటా తీసుకోమంటూ ఇదే చూపిస్తున్నాడు." అదే సందేశం అప్పటికే మా కాలేజీ గ్రూపులో రెండుసార్లు, కాలనీ గ్రూపులో ఒకసారి వచ్చి ఉంది. వాడికి ఫోన్లో చెప్పిందే కాస్త కుదురుగా ఇక్కడ రాస్తున్నాను. ఒమన్ కొండల్లో కొన్నేళ్లు సుత్తి పట్టుకుని తిరిగినవాణ్ణి, దీన్ని చూసి ఊరుకోవడం నా వల్ల కాలేదు.

సందేశం ఇలా నడుస్తుంది. భూమి పుట్టినప్పుడు అంతా కరిగిన ముద్ద. బరువైన క్రోమైట్ (క్రోమియం దొరికే నల్ల ఖనిజం) కిందికి దిగిపోయి మాంటిల్‌లో, అంటే భూమి పై పొర కింద ఉండే ప్రావారంలో, మడుగులు కట్టింది. అందుకే దక్షిణాఫ్రికా అయినా, ఒడిశా సుకిందా అయినా, మన కొండపల్లి అయినా, ఒమన్ అయినా క్రోమ్ గనులన్నీ ఒకే రకం. ఆకుపచ్చ పాము రాయిలోని నీళ్లు ఆ క్రోమ్‌ని మోసుకొచ్చి చిక్కగా పోశాయి. టిబెట్ క్రోమైట్‌లో వజ్రాలు దొరికాయి కాబట్టి ఇదంతా 400 కిలోమీటర్లకు పైబడిన లోతు నుంచి వచ్చిందని సైంటిస్టులు తేల్చేశారు. చివరికి అసలు విషయం: పైన చారెడు కనిపిస్తే కింద కొండంత ఉన్నట్టే, తవ్వేకొద్దీ పెరుగుతుంది.

ఒక్కో మాటే తీసుకుందాం. కొన్నింటికి రెండు వాక్యాలు చాలు, కొన్నింటికి చాలవు.

"భూమి పుట్టినప్పుడే మునిగి మడుగు కట్టింది"

భూమి వయసు సుమారు 454 కోట్ల ఏళ్లు. ఒమన్‌లో క్రోమైట్ ఉన్న సెమైల్ ఓఫియోలైట్ వయసు సుమారు 9.5 కోట్ల ఏళ్లు. ఓఫియోలైట్ అంటే పాత సముద్రపు అడుగు భాగం, దాని కింది మాంటిల్ ముక్కతో సహా, ఖండం అంచు మీదికి ఎక్కి కూర్చున్నది. సైప్రస్‌లోని ట్రూడోస్ కొండలు కూడా దాదాపు ఆ వయసువే. డైనోసార్లు తిరుగుతున్న కాలంలో పుట్టిన సముద్రపు అడుగు అది. దాని కింది మాంటిల్ రాయి పాతదే, కానీ అందులోని క్రోమైట్ ముద్దలు ఆ సముద్రపు అడుగుని పుట్టించిన మాగ్మా, అంటే కరిగిన రాయి, పారినప్పటివి. భూమి పుట్టుకతో వాటికి చుట్టరికం లేదు.

ఇంకో సంగతి. మాంటిల్ కరిగిన సముద్రమని చాలామంది అనుకుంటారు. అది గట్టి రాయి. కోట్ల ఏళ్ల లెక్కలో మెల్లగా సాగుతుంది, కానీ రాయే. మొదట్లో భూమి కరిగి ఉండేదన్న మాట వరకు సందేశం తప్పు చెప్పలేదు. అప్పుడు క్రోమియం నిజంగా కిందికి దిగి మడుగులు కట్టి ఉంటే మిగతా మాంటిల్‌లో అది ఆనవాలుకి కూడా దొరక్కూడదు. కానీ మాంటిల్ రాయి ఎక్కడ చూసినా టన్నుకి సుమారు రెండున్నర కిలోల క్రోమియం ఉంటుంది, పిండిలో ఉప్పు కలిసినట్టు అంతటా. ఖనిజం అనదగ్గ మంచి క్రోమైట్ రాయిలో టన్నుకి 340 కిలోల దాకా ఉంటుంది. రెండున్నర నుంచి 340కి ఎలా చేరిందన్నదే అసలు ప్రశ్న.

"బరువు కాబట్టి అడుగుకి చేరింది"

సందేశం మొత్తంలో నమ్మబుద్ధయ్యే మాట ఇదే. వినగానే తల ఊపాలనిపిస్తుంది. క్రోమైట్ సాంద్రత నాలుగున్నర పైన, మాంటిల్ రాయిలో ఎక్కువగా ఉండే ఒలివీన్ అనే ఖనిజానిది 3.3, మాగ్మాది 2.7 దగ్గర. బరువైనది అడుక్కి పోదా?

ఈ ఆలోచనకి పెద్దల అండ కూడా ఉండేది. మాంటిల్ రాళ్లలోని ఈ ఖనిజానికి 'పోడిఫార్మ్', అంటే కాయ ఆకారపుది, అనే పేరు 1964లో వాడుకలోకి తెచ్చిన అమెరికన్ భూశాస్త్రజ్ఞుడు థేయర్ కూడా క్రోమైట్ మొదట మాగ్మా అడుగున పేరుకుని, తర్వాత ఒత్తిడికి నలిగి కాయలుగా మారిందనే దిశలోనే ఆలోచించాడు. కాబట్టి ఫార్వర్డ్ రాసినవాళ్లు దీన్ని గాల్లోంచి పుట్టించలేదు. అరవై ఏళ్ల కిందటి పుటలో ఆగిపోయారంతే.

ఇక్కడ లెక్క వేసి చూద్దాం, కష్టమైనదేం కాదు. ఒకే ద్రవంలో గింజ మునిగే వేగం రెండింటి మీద ఆధారపడుతుంది: ద్రవానికీ గింజకీ మధ్య సాంద్రత తేడా, గింజ పరిమాణం. సాంద్రత తేడా రెట్టింపైతే వేగం రెట్టింపు. గింజ పరిమాణం రెట్టింపైతే వేగం నాలుగు రెట్లు. క్రోమైట్ గింజ సాధారణంగా ఇసుక రేణువంత, 0.2 మిల్లీమీటర్లు అనుకుందాం. పక్కనే పెరిగే ఒలివీన్ గింజ 2 మిల్లీమీటర్లు. సాంద్రత తేడాలో క్రోమైట్‌కి మూడు రెట్ల మొగ్గు ఉంది. పరిమాణంలో ఒలివీన్‌ది పది రెట్లు, అంటే వేగంలో వంద రెట్లు. రెండూ కలిపితే ఒలివీన్ క్రోమైట్ కంటే ముప్పై రెట్లకు పైగా వేగంగా అడుక్కి చేరుతుంది. బరువు వాదాన్ని నిజంగా లెక్కలో పెడితే అడుగున ఒలివీన్ పేరుకోవాలి, క్రోమైట్ వెనకబడాలి.

దాన్ని పక్కన పెట్టినా ఇంకో అడ్డంకి ఉంది, నా దృష్టిలో ఇదే అసలైనది. మామూలుగా చల్లబడే మాగ్మాలో ఒలివీన్, క్రోమైట్ కలిసే గడ్డకడతాయి, కానీ సమానంగా కాదు. నూటికి తొంభై ఎనిమిది పాళ్లు ఒలివీన్, ఒకటో రెండో పాళ్లు క్రోమైట్. ఆ మాగ్మా ఎన్నాళ్లు చల్లారినా వచ్చేది నల్ల చుక్కలు పడ్డ ఒలివీన్ రాయి. దాన్నే డ్యునైట్ అంటాం. నూటికి ఎనభై, తొంభై పాళ్లు క్రోమైటే ఉన్న నల్లరాయి రావాలంటే కొంతసేపు ఒలివీన్ ఆగిపోయి క్రోమైట్ ఒక్కటే గడ్డకట్టాలి. బరువు ఈ పని చెయ్యలేదు. మాగ్మా కూర్పు మారాలి.

కూర్పు ఎలా మారుతుంది? పాలు కాస్తే పైన మీగడ పల్చగా కడుతుంది. అవే పాలలో నిమ్మచెక్క పిండితే ఒక్కసారిగా విరిగి ముద్ద విడిపోతుంది. పాలు అవే, కలిసింది వేరు. రసాయనం వరకు ఈ పోలికని లాగకండి, 'కలవడం' అన్నంత వరకే. ఇర్విన్ అనే శాస్త్రజ్ఞుడు కెనడాలోని మస్కాక్స్ అగ్నిశిలల మీద పనిచేస్తూ 1975లో ఇలాంటిదే చెప్పాడు: మాగ్మాలోకి సిలికా (ఇసుకలో ఉండేదే) ఎక్కువున్న పదార్థం కలిస్తే అది కాసేపు క్రోమైట్‌ని మాత్రమే విడిచే స్థితిలోకి జారుతుంది. రెండేళ్లకే, 1977లో, తనే సవరించుకున్నాడు: బయటి రాయి కలవనక్కర్లేదు, కొత్తగా వచ్చిన మాగ్మా, అప్పటికే మారిపోయిన పాత మాగ్మా కలిసినా చాలు. తన మాటని తనే దిద్దుకున్న మనిషి కాబట్టి నాకు ఆయనంటే కొంచెం ఎక్కువ గౌరవం.

కలిస్తే ఎందుకలా జరుగుతుందో చెరువు కట్టతో చెప్పొచ్చు. ఒలివీన్, క్రోమైట్ కలిసి గడ్డకట్టే కూర్పులన్నీ ఒక వంపు గీత మీద ఉంటాయి, చెరువు చుట్టూ తిరిగిన కట్టలాగా. చెరువు లోపలి భాగం క్రోమైట్ మాత్రమే గడ్డకట్టే ప్రాంతం. మాగ్మా చల్లారుతూ కట్ట మీదే నడుస్తుంది. కట్ట మీద రెండు చోట్ల ఉన్న రెండు మాగ్మాలు కలిస్తే? వాటి మధ్య తాడు బిగించి కట్టినట్టు అనుకోండి. తాడు మధ్యభాగం కట్ట మీద పడదు, చెరువు మీద పడుతుంది. కలిసిన మాగ్మా మళ్లీ కట్టెక్కేదాకా క్రోమైట్‌నే వదులుతుంది.

మరి మాంటిల్ రాయిలో ఆ సిలికా ఎక్కడిది?

ఇది సందేశంలో లేని ప్రశ్న. ఉండాల్సిన ప్రశ్న.

ఒమన్ వాదీల్లో, అంటే ఎండిన వాగుల లోయల్లో, ఒక పరీక్ష ఉంది, పరికరం అక్కర్లేదు, అరచెయ్యి చాలు. కొండ మొత్తం గోధుమ రంగు తిరిగిన హార్జ్‌బర్గైట్. ఒలివీన్, ఆర్థోపైరాక్సీన్ (పైరాక్సీన్ అనే ఖనిజంలో ఒక రకం) కలిసిన మాంటిల్ రాయి. ఎండకీ గాలికీ ఒలివీన్ తొందరగా అరిగి, పైరాక్సీన్ గింజలు పైకి పొడుచుకొస్తాయి. చెయ్యి పెడితే పనసకాయ తొక్క తడిమినట్టు గరుకు. అలా రాస్తూ నడుస్తుంటే ఒకచోట ఉన్నట్టుండి గరుకు పోతుంది. రంగు తేనెరంగుకి తిరుగుతుంది, రాయి నున్నగా అవుతుంది. అది డ్యునైట్. పైరాక్సీన్ లేదు, ఒలివీనే. ఆ నున్నటి రాయిలో ఇంకో రెండడుగులు వేస్తే, అదృష్టం బాగుంటే, నల్లగా మెరిసే క్రోమైట్. మళ్లీ అవతల నున్న, మళ్లీ గరుకు. మాంటిల్‌లోని క్రోమైట్ కాయకి దాదాపు ఎప్పుడూ డ్యునైట్ తొడుగు ఉంటుంది, జానెడు మందం నుంచి పదుల మీటర్ల దాకా.

మొదటిసారి నాకు దీన్ని చూపించిన సీనియర్ ఒకాయన ఒక్క మాటే అడిగారు: "పైరాక్సీన్ ఎక్కడికి పోయిందయ్యా?" జవాబు అందులోనే ఉంది. లోతు నుంచి పైకొచ్చే మాగ్మాకి పై పొరల తక్కువ ఒత్తిడిలో పైరాక్సీన్‌తో పొసగదు. దాన్ని కరిగించుకుంటుంది, బదులుగా ఒలివీన్‌ని వదులుతుంది. పైరాక్సీన్‌లో ఒలివీన్ కంటే సిలికా ఎక్కువ. ఆ ఎక్కువైన సిలికా, దాంతోపాటు పైరాక్సీన్‌లో దాగిన కాస్త క్రోమియం కూడా, మాగ్మాలో చేరతాయి. గరుకు రాయి నున్నటి రాయిగా మారింది, మాగ్మా సిలికా పెంచుకుంది. వెనకే అదే దారిలో కొత్త మాగ్మా వస్తుంది. రెండూ కలుస్తాయి. చెరువు కట్ట గుర్తుందిగా?

జపాన్‌లోని తారి-మిసాకా రాళ్ల మీద పనిచేసిన అరాయ్, యురిమోతో అనే శాస్త్రజ్ఞులు 1994లో ఈ కథని స్పష్టంగా చెప్పారు. అంతకుముందు కెలెమెన్ తదితరులు డ్యునైట్లు మాగ్మా పారిన దారులని వాదించారు. కొండ మీద కనిపించే ఇంకో సాక్ష్యం కూడా దీనికే మొగ్గుతుంది: చాలాచోట్ల డ్యునైట్ అంచు చుట్టూ ఉన్న రాయి చారల్ని అడ్డంగా కోస్తూ పోతుంది. అడుగున పేరుకున్న పొర అయితే చారలకి సమాంతరంగా ఉండాలి, కోయకూడదు.

మడుగు అనే మాట ఎందుకు కుదరదో చూపే లెక్క ఒకటి మా తమ్ముడికి ఫోన్లోనే వేసి చెప్పాను. లక్ష టన్నుల చిన్న క్రోమైట్ కాయ అనుకుందాం, సగం క్రోమియం ఆక్సైడు. అందులో క్రోమియం 34 వేల టన్నులు. మాగ్మాలో క్రోమియం చాలా తక్కువ, టన్నుకి కిలో ఉంటే గొప్ప. అందులో 300 గ్రాములు క్రోమైట్‌గా వదిలిందనుకుందాం, ఇది ఉదారంగా వేసిన లెక్కే. అప్పుడు కావలసిన మాగ్మా 11 కోట్ల టన్నులకు పైన. పోతపోస్తే ప్రతి వైపూ 350 మీటర్లుండే ఘనం. కాయ చుట్టూ ఉన్న డ్యునైట్ తొడుగు కొన్ని మీటర్లే. ఆ మాగ్మా అక్కడ నిలవ ఉన్న జాడ ఎక్కడా లేదు, ఎందుకంటే నిలవలేదు, పారింది. మడుగు కాదు, కాలువ. పారుతూ పారుతూ టన్నుకి గుప్పెడు చొప్పున క్రోమైట్‌ని కాలువలో వెడల్పైన చోట్ల వదిలిపోయింది. 1982లో లాగో, రాబినోవిచ్, నికోలా అనే ముగ్గురు సముద్రమధ్య పర్వతశ్రేణుల కింద మాగ్మా దారులు వెడల్పయ్యే చోట్ల క్రోమైట్ తిరుగుడు పడి చేరుతుందని నమూనా వేసి చూపించారు.

నా బల్ల మీద ఒక రాయి ఉంది. ఆకుపచ్చ నేల మీద నల్లటి ఉండలు, అచ్చం కుంకుడు గింజలు పరిచినట్టు. నాడ్యులర్ ఖనిజం అంటాం, చిరుతపులి మచ్చల్లా ఉందని లెపర్డ్ ఓర్ అని కూడా అంటారు. ఇంటికొచ్చిన పిల్లలు దాన్నే ముందు ఎత్తుకుంటారు, ఎత్తగానే బరువుకి ఉలిక్కిపడతారు. ఒక్కో ఉండ ఒక్క స్ఫటికం కాదు, గింజల కట్ట. 2015లో ట్రూడోస్ ఉండల్ని ఎక్స్‌రే సీటీ స్కాన్ చేసి చూస్తే కొన్నింటి లోపల అస్థిపంజరం లాంటి స్ఫటికం కనిపించింది, అంచులు ముందు పెరిగి లోపల బోలుగా మిగిలి, తర్వాత నిండినది. అలాంటి ఎదుగుదల తీరిగ్గా చల్లారే మడుగులో రాదు. ద్రవంలో క్రోమియం ఒక్కసారిగా ఎక్కువైపోయి, స్ఫటికం హడావుడిగా పెరిగినప్పుడు వస్తుంది. ఉండలు ఉండలుగానే ఎందుకు చుట్టుకున్నాయో మాత్రం ఇంకా తగువే. మాగ్మాలోని నీటి బుడగలు క్రోమైట్‌ని తమ వైపు లాక్కున్నాయని 2002లో మాత్వీవ్, బాల్‌హౌస్ ప్రయోగం చేసి చూపారు. అందరూ ఒప్పుకోలేదు.

"గనులన్నీ ఒకే రకం"

కావు. దక్షిణాఫ్రికా బుష్‌వెల్డ్ 205 కోట్ల ఏళ్ల నాటి మహా అగ్నిశిలా సముదాయం. అది మాంటిల్ ముక్క కాదు, ఖండపు పటలంలోకి, అంటే భూమి పై పొరలోకి, చొరబడి చల్లారినది. అక్కడి క్రోమైట్ మీటరు అటూ ఇటూ మందంతో, పరుపు పరిచినట్టు, పదుల వందల కిలోమీటర్లు సాగే పొరలు. ఒకచోట పొర దొరికితే పక్క ఊళ్లో ఎంత లోతున తగులుతుందో చెప్పొచ్చు. పేరుకోవడం అనే మాటకి అక్కడ కొంత చోటుంది, అక్కడ కూడా ఒంటరిగా సరిపోదు. ఇర్విన్ చెప్పిన కలయిక అలాంటి పొరల కోసమే మొదట పుట్టింది.

మన దేశపు క్రోమైట్‌లో నూటికి తొంభై పాళ్లకు పైగా ఒడిశాలోనే ఉంది, అందులో సింహభాగం సుకిందా లోయది. అదీ, కేంఝర్ వైపు నువాసాహీ కూడా ఆర్కియన్ యుగపు (250 కోట్ల ఏళ్లకు ముందటి) పాత రాళ్లలో పట్టీలు. కొండపల్లి అనగానే మనకు తెల్ల పొణికి బొమ్మలే గుర్తొస్తాయి, ఆ కొండల్లో క్రోమైట్ ఉందని చాలామందికి తెలియదు. అదీ పొరలు కట్టిన అగ్నిశిలా సముదాయమే, తూర్పు కనుమల వేడికీ ఒత్తిడికీ బాగా రూపు మారినది. దాన్ని ఒమన్ పక్కన కూర్చోబెట్టడం కుదరదు. మాంటిల్ రాయిలోని కాయల రకాన్ని మన దేశంలో చూడాలంటే అండమాన్ దీవులకో, నాగాలాండ్-మణిపూర్ కొండలకో పోవాలి.

కాయల రకంలోనూ రెండు జాతులున్నాయి. క్రోమియం ఎక్కువున్నది ఒకటి: కజకిస్తాన్‌లోని కెంపిర్సాయ్, టిబెట్‌లోని లువోబుసా. అల్యూమినియం ఎక్కువున్నది ఇంకొకటి: ఫిలిప్పీన్స్‌లో కోతో, క్యూబాలో మోవా వైపువి. మొదటిది ఉక్కుకి పోతుంది, రెండోది కొలిమి ఇటుకలకి పేరుపడింది. తేడా మాగ్మాలోనే ఉంది. ఒక సముద్రపు అడుగు ఇంకో దాని కిందికి దూరే చోట, నీళ్లు ఊరిన మాంటిల్ బాగా కరిగితే బోనినైట్ అనే రకం మాగ్మా వస్తుంది. అది క్రోమియం ఎక్కువున్న క్రోమైట్‌ని ఇస్తుంది. సముద్రమధ్య పర్వతశ్రేణుల దగ్గర వచ్చే బసాల్ట్ అనే నల్లరాయికి దగ్గరి మాగ్మా రెండో రకాన్ని ఇస్తుంది. ఒకే మడుగు నుంచి తోడినవైతే ఈ తేడా ఎందుకుంటుంది?

"పాము రాయిలోని నీళ్లు మోసుకొచ్చాయి"

పాము రాయి అంటే సర్పెంటినైట్. ఒలివీన్‌లోకి నీళ్లు దిగితే మారిపోయే రూపం. క్రోమైట్ గింజని సూక్ష్మదర్శిని కింద చూడండి: అడ్డంగా పగుళ్లు, ఆ పగుళ్లలో సర్పెంటైన్ నిండి ఉంటుంది. పగుళ్లు నిండాలంటే గింజ ముందే ఉండాలి కదా. నీళ్లు వచ్చేసరికి క్రోమైట్ పాత కాపు. నీళ్లు చేసిందల్లా గింజ అంచుల్ని కాస్త కొరికి ఇనుము ఎక్కువున్న అంచుగా మార్చడం, పగుళ్లలో గులాబీ రంగు కామెరరైట్, ఆకుపచ్చ ఉవరోవైట్ లాంటి అందమైనవి కొంచెం పెంచడం. అవి షోకేసుకి బాగుంటాయి, బట్టీకి పనికిరావు.

"వజ్రాలు దొరికాయి, కాబట్టి 400 కిలోమీటర్ల లోతుది"

'సైంటిస్టులు తేల్చేశారు' అన్న ముక్క దగ్గరే నాకు చిర్రెత్తింది. తేల్చలేదు.

లువోబుసా క్రోమైట్‌ని పెద్ద మొత్తంలో నలగ్గొట్టి వేరుచేస్తే వజ్రపు రేణువులు దొరికాయని చైనా శాస్త్రజ్ఞులు చెప్పింది నిజం. 2007లో కోసైట్ అనే అధిక పీడన ఖనిజపు జాడ కూడా ప్రకటించారు. రష్యాలోని ధ్రువ యూరల్స్ కొండల్లో రాయ్-ఇజ్ అనే చోటు నుంచి కూడా వజ్రాల వార్త వచ్చింది. దాని మీద గట్టి అనుమానాలూ వచ్చాయి. కొన్ని వజ్రాల లోపల నికెల్-మాంగనీస్-కోబాల్ట్ మిశ్రమపు చుక్కలున్నాయి. ఫ్యాక్టరీలో కృత్రిమ వజ్రం చేసేటప్పుడు వాడే లోహాల్లాంటివే అవి. రాయి కోసే, అరగదీసే పనిముట్లలో అలాంటి వజ్రపు పొడి ఉంటుంది కాబట్టి, అక్కణ్ణుంచి అంటుకుందేమోనని 2019లో లితసోవ్ బృందం వాదించింది. అంతకుముందు 2017లో బాల్‌హౌస్ బృందం ఇలాంటి విచిత్ర ఖనిజాలు పిడుగు పడ్డ చోట కూడా పుట్టొచ్చంది. రాయిలో ఉన్నచోటే వజ్రాన్ని చూశామని అవతలివాళ్ల జవాబు. తగువు నడుస్తోంది.

సరే, వజ్రాలన్నీ నిజమే అనుకుందాం. అయినా సందేశం గెలవదు. మాంటిల్ క్రోమైట్ గింజల కడుపులో చిన్న చిన్న బందీలుంటారు: పార్గసైట్ అనే ఖనిజం, సోడియం ఎక్కువున్న అభ్రకం. రెండింట్లోనూ నీరు కలిసి ఉంటుంది. పార్గసైట్ సుమారు వంద కిలోమీటర్ల లోతు దాటితే బతకదు. అది క్రోమైట్ పెరుగుతుండగా లోపల చిక్కుకున్నది, అంటే ఆ క్రోమైట్ పుట్టింది తక్కువ లోతులో, నీరున్న మాగ్మా దగ్గర. ఒమన్‌లోనైతే కాయలు చాలావరకు పాత సముద్రపు పటలానికీ మాంటిల్‌కీ మధ్య ఉన్న మోహో హద్దుకి దగ్గర్లోనే కనిపిస్తాయి. ఇక లోతు ఆనవాళ్లున్న క్రోమైట్ సంగతికి అరాయ్ 2013లో ఒక దారి చూపాడు: పైన పుట్టిన క్రోమైటే మాంటిల్ కదలికతో కిందికి పోయి, లోతు గుర్తులు తెచ్చుకుని, తిరిగి పైకొచ్చి ఉండొచ్చు. ఊళ్లో పుట్టి దుబాయ్ వెళ్లొచ్చినవాడి పెట్టె మీద విమానం స్టిక్కర్ ఉంటుంది. స్టిక్కర్ చూసి వాడు దుబాయ్‌లో పుట్టాడనలేం.

"పైన చారెడు, కింద కొండంత"

వాటా అమ్మే ఆయనకి కావలసింది ఈ ముక్కే, మిగతాదంతా దీనికి వేసిన పందిరి. మడుగు అయితే కింద కొండంత ఉండొచ్చు. కాలువలో అక్కడక్కడా వదిలిన ముద్ద అయితే ఎక్కడైనా ఆగిపోవచ్చు. ఆగిపోతుంది కూడా. పైగా గట్టిపడ్డాక కూడా మాంటిల్ సాగుతూ కాయల్ని లాగింది, మడతపెట్టింది, తెంపింది. న్యూ కాలెడోనియా గనుల్ని చూసి 1981లో కసార్, ఆయన తోటివాళ్లు కాయల్ని చుట్టూ రాయి చారలతో కలిసిపోయినవి, కాస్త వంగినవి, అడ్డంగా నిలిచినవి అని విడదీశారు. మాంటిల్ ఎంత నలిపిందో దాన్నిబట్టి కాయ రూపం. చిక్కుడుకాయలా ఉబ్బి, సన్నగిల్లి, ఆగిపోయి, ఇంకో ఇరవై మీటర్ల అవతల మళ్లీ ఉబ్బే కాయలు నేను చూశాను. అసలు మళ్లీ ఉబ్బనివే ఎక్కువ చూశాను. బుష్‌వెల్డ్‌లో బోరు వేసేవాడికి పొర ఎక్కడ తగులుతుందో ముందే తెలుసు. కాయల దగ్గర ఆ భరోసా లేదు. పై నుంచి గురుత్వాకర్షణ కొలతలు తీసినా, చుట్టూ రాయి ఒకచోట ఎక్కువగా ఒకచోట తక్కువగా సర్పెంటైన్‌గా మారి ఉంటుంది కాబట్టి సంకేతం గజిబిజి అవుతుంది.

పెద్ద కాయలు లేవని కాదు. కెంపిర్సాయ్ ఉంది, మాంటిల్ రకంలో ప్రపంచంలోనే పెద్దది. పక్కన వెలిసిన ఊరి పేరే ఖ్రోమ్‌తావ్, అంటే క్రోమ్ కొండ. కానీ కెంపిర్సాయ్‌ని చూపించి ఒమన్‌లో వాటా అమ్మడమంటే, లాటరీ తగిలిన ఒకడి ఫొటో చూపించి టికెట్లు అమ్మడమే.

మా తమ్ముడు మొన్న శుక్రవారం సెలవు చూసుకుని ఆ చోటికి వెళ్లి ఫొటోలు పంపాడు. ముందు నేను చెప్పినట్టు పింగాణీ పలక వెనక గరుకు వైపు రాయిని గీశాడు. గోధుమ రంగు గీత పడింది, అయస్కాంతానికి పెద్దగా అంటుకోలేదు. అంటే మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం కాదు, క్రోమైటే, అమ్మేవాడు ఆ వరకు అబద్ధం చెప్పలేదు. తర్వాత కందకం ఫొటో. ఎడమ చివర నల్లపట్టీ మూరెడు మందం, మధ్యలో బెత్తెడు, కుడి చివర వేలెడు. ఆ తర్వాత నున్నటి డ్యునైట్, దాని అవతల గరుకు రాయి. "అన్నయ్యా, చెయ్యి పెట్టి చూశా, పనసకాయే," అని కింద రాశాడు.